ఇల్లు జెలీది

లా కుర్దియేర్ గడీ, పెర్ష్
6 నవంబర్ 1922

అన్నయ్యా,

మన చిన్నదొరసాని పోయింది. ఆత్మల పండగ నాడు పొద్దున్నే, చర్చి గంటలు మోగుతుండగా. ఎనభై దాటినా ఆవిడ ఊరందరికీ చిన్నదొరసానే కదా, పెళ్ళి చేసుకోని పాపానికి! పోతూ పోతూ కూడా ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. మీ బావ పందులకి కుడితి పోసి వచ్చేలోపే అయిపోయింది.

నేను ఏడ్చాను. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వుకో. దొరల కోసం ఏడవడానికి మనకేం ఖర్మ అంటావు. కానీ ఆవిడ పోయాక పైఅంతస్తు అంతా ఒక్కసారిగా చల్లబడిపోయింది. నేలమీద కర్ర చప్పుడు లేదు, దగ్గు లేదు. మాటిమాటికీ పైకి చూస్తున్నాను.

ఒక మాట చెప్పాలి. ముందురోజు సాయంత్రం ఆవిడ మంచం దగ్గర ఫాదరుగారు, ఆవిడ మేనల్లుడు కెప్టెన్ ఎమెరిక్ దొర, నేను ఉన్నాం. ఆవిడ కళ్ళు తెరిచి, "ఎమెరిక్, ఇల్లు జెలీది. అది బతికున్నంతకాలం దాన్ని కదపకు," అంది. కెప్టెన్ ఆవిడ చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. కాగితం లేదు, సంతకం లేదు. గడీ చేతులు మారితే మమ్మల్ని బయటికి నెడతారేమోనని ఎన్నాళ్ళనుంచి భయపడి చచ్చానో నీకు తెలుసు కదా.

ఇక్కడ వానలు. యాపిల్స్ ఇంకా సగం చెట్ల కిందే కుళ్ళుతున్నాయి. మీ బావ ఆకాశాన్ని తిడుతున్నాడు, ఆకాశం పట్టించుకోవడం లేదు. లూసెట్ వదినకీ పిల్లలకీ ముద్దులు. రెమీ దగ్గు ఎలా ఉంది? వెన్న పంపిస్తున్నాను, పక్కవాళ్ళకి పంచకండి.

నీ చెల్లెలు
జెలీ


పారిస్, బతిన్యోల్
12 నవంబర్ 1922

ఒసే జెలీ,

నీ నోట్లో చక్కెర పొయ్య! నీ ఉత్తరం లూసెట్‌కి గట్టిగా చదివి వినిపించాను. నమ్మలేదు. రెండోసారి చదివాను. అప్పుడు ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ ఐదో అంతస్తు కొంపలో, ఈ రైలు పొగలో, కిటికీ తెరిస్తే మసి, మూస్తే చీకటి, ఇందులో ఇన్నేళ్ళు ఎలా బతికామో అదే అడుగుతోంది.

గడీ మనదా! నవ్వొస్తోంది. మన తాతలు ఆ గోడలకి రాళ్ళు మోశారు. ఆ పావురాల గోపురం ఉందే, దొర తప్ప ఇంకెవరూ పావురాన్ని పెంచకూడదనేవాళ్ళు. అవి మన చేలో విత్తనాలు తింటుంటే చప్పట్లు కొట్టి తోలాలి తప్ప రాయి విసిరితే జైలు. ఆ పావురాలకి పుట్టిన పావురాలని తిని పెరిగిన వంశం చివరికి గడీని నీ చేతిలో పెట్టి పోయింది. ఆవిడ ఆత్మకి శాంతి కలగాలి. మంచి మనిషే.

విను. బురుజు మీది గది మాకు. రెమీకి గాలి కావాలన్నాడు డాక్టరు, అక్కడ గాలికేం తక్కువ! రంగుల పైకప్పున్న పెద్ద హాల్లోంచి ఓట్స్ బస్తాలు ఖాళీ చేయించు. అందులో మా అమ్మాయి పోలెట్‌కి మంచం వేద్దాం. ఎలుకలతో పాటు పెరిగాం మనం, అది ఎందుకు పెరగాలి? నేను రైలు యార్డులో పని మానేస్తాను. మా మేస్త్రీ మొహం మీద చెప్పబోతున్నాను ఆ మాట, ఇన్నేళ్ళుగా నోట్లో ఉంచుకుని ఉంచుకుని తియ్యగా అయింది.

బావని అడిగానని చెప్పు. మహారాజులా మీసం మెలెయ్యమను.

నీ అన్న
ఆన్సెల్మ్


లా కుర్దియేర్
26 నవంబర్

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపిస్తే తల గోక్కుని, "మీ అన్న తాగి రాశాడా?" అన్నాడు. కాదు, మావాడి పుట్టుకే అంత అన్నాను. క్రిస్మస్‌కి మా దగ్గరికి రావాలనుంది కాబోలు మీకు! రండి రండి. కానీ బురుజు గది నేనెలా ఊడుస్తాను? అది కెప్టెన్ దొరది. తాళంచెవి ఆయన దగ్గరుంది. ఇంట్లోనే సర్దుకుందాం. పిల్లల్ని పొయ్యి పక్కన పడుకోబెడదాం, దగ్గుకి వెచ్చదనం మంచిదే.

పని మానెయ్యడం గురించి ఏదో రాశావు. అది వేళాకోళమే కదా?

ఇక్కడ మనసు కుదురుగా లేదు. మొన్న ఒక మోటారు వచ్చింది. అందులోంచి పల్చటి మనిషి ఒకడు దిగాడు, బూట్లకి తెల్లటి గుడ్డ తొడుగులు. పాత సామాన్ల వ్యాపారిట. పై హాల్లో రాతి పొయ్యి ఉంది చూడు, దుప్పిని చెక్కింది, దాన్ని వేలితో టకటకా కొట్టి చెవి ఆనించి విన్నాడు. చెక్క మెట్లన్నీ కొలిచాడు. తలుపులు కొలిచాడు. కోళ్ళున్న పావురాల గోపురంలో దూరి బట్టలు పాడుచేసుకుని వచ్చాడు, అదొక్కటే నాకు తృప్తి. పొయ్యీ మెట్లూ ఊడదీసి పెట్టెల్లో పెట్టి ఎక్కడికో పంపిస్తారట. బురుజు పెంకులు, రాయి ఇంకొకడికి. కెప్టెన్ దొర మొహం చూస్తే తనకీ ఇష్టం లేనట్టే ఉంది, కానీ కప్పు కారుతోంది, ఇంత గడీని ఎవడు నిలబెడతాడు అంటున్నాడు.

మా ఇంట్లోకి మాత్రం ఎవడూ అడుగుపెట్టలేదు. మాట నిలబెట్టుకున్నాడు మనిషి.

మా గుర్రం గ్రీజ్‌కి కాలు వాచింది. మీ బావ నాతోకంటే దానితోనే ఎక్కువ మాట్లాడుతున్నాడు.

జెలీ


పారిస్
3 డిసెంబర్

జెలీ,

నీకు బుర్ర ఉందా అసలు? నీ పొయ్యిని వాడెవడో వచ్చి వేలితో కొడుతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డావా? ఇల్లు నీది! నువ్వు చెప్పావు, ఫాదరు విన్నాడు, ఆ కెప్టెనే విన్నాడు! మెట్లు ఊడదీస్తాడట, కప్పు దింపుతాడట, ఇక నీకు మిగిలేదేమిటి, నేలా? మన రక్తంలోనే ఉందే ఈ జబ్బు. దొర ఎదురుపడితే చాలు టోపీ తీసి చేతిలో పట్టుకుంటాం. దొరకే ఆ టోపీ కావాలన్నా ఇచ్చేస్తాం.

నీకు చేతకాదని నేనే కెప్టెన్‌కి ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. చచ్చిపోతున్న అత్త చెయ్యి పట్టుకుని ఇచ్చిన మాటని ముక్కలుగా కోసి పెట్టెల్లో పెట్టి అమ్ముకుంటున్నారా, సైన్యంలో దీన్నేమంటారు అని అడిగాను. ఒక్క రాయి కదిలితే కోర్టులో కలుద్దామన్నాను.

పని మానెయ్యడం వేళాకోళం ఏమీ కాదు. మానేశాను. మేస్త్రీకి చెప్పాల్సింది చెప్పాను, యార్డంతా విన్నారు. జనవరి చివరికి ఈ గదులు ఖాళీ చేస్తామని ఇంటావిడకి చెప్పేశాం. లూసెట్ అప్పుడే బురుజు కిటికీకి పరదాలు కుడుతోంది.

కాస్త వెన్ను నిటారుగా పెట్టి నిలబడు.

ఆన్సెల్మ్


లా కుర్దియేర్
14 డిసెంబర్

అన్నయ్యా, ఎంత పని చేశావు! కొంప ముంచావు!

పారిస్ నీళ్ళు తాగి తాగి మన మాటే మర్చిపోయావా? ఇల్లంటే ఏమిటి? మన ఊళ్ళో ఎవర్నైనా అడుగు. ఇల్లంటే పొయ్యి ఉన్న గది. అమ్మ వండిన గది, మనం తిని, పోట్లాడుకుని, పడుకున్న గది. మిగతావన్నీ పైన, అవతల, బురుజు, గడ్డి కొట్టు. అమ్మ ఏమనేది? "పైనుంచి ఓట్స్ బస్తా దించి ఇంట్లోకి రా," అనేది. పైన ఉండేది ఇల్లు కాదా మరి? కాదు! మనకి కాదు. చిన్నదొరసాని "ఇల్లు జెలీది" అంటే నాకు ఒక్క క్షణం కూడా ఇంకో అర్థం తట్టలేదు. నేనూ మీ బావా చచ్చేదాకా ఈ పొయ్యి దగ్గర్నుంచి మమ్మల్ని ఎవరూ లేపకూడదని ఆవిడ మాట. అదే నాకు గడీ అంత. నువ్వేమో మొత్తం గడీ మోసుకుపోయావు.

తప్పు నాదీ ఉంది. నీ మొదటి ఉత్తరంలో బురుజు మాట చూసి అడగాల్సింది. నవ్వి ఊరుకున్నాను.

ఇప్పుడు విను ఏం జరిగిందో. కెప్టెన్ దొర వచ్చాడు. నీ ఉత్తరం జేబులో ఉంది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. మనిషి మొహం పాలిపోయి ఉంది. "జెలీ గారూ, మీ అన్నగారు నన్ను దొంగ అన్నారు. మీరు ఉండేది ఈ గదిలోనే కాబట్టి, మా అత్త మాట విన్నప్పుడు నేను ఈ గదే అనుకున్నాను. ఆలోచిస్తే ఆయనన్నదీ నిజమే, ఇల్లంటే ఇల్లే కదా. నేను తూర్‌లో పెరిగాను, మా అత్తతో గట్టిగా నెలరోజులు ఉన్నది లేదు. ఆవిడ మాట మీకు తెలిసినట్టు నాకు తెలియదు. ఆవిడ ఉద్దేశం ఏమిటో మీరు చెప్పండి. కొత్త సంవత్సరం వెళ్ళాక వస్తాను. గడీ మొత్తం అని మీరంటే మొత్తం మీదే, వ్యాపారిని వెనక్కి పంపేస్తాను," అన్నాడు.

విన్నావా? ఇప్పుడంతా నా నాలుక మీద ఉంది. మీ బావ, "మొత్తం అని చెప్పు, ఏం పోయింది," అంటున్నాడు. ఫాదరుగారిని అడిగితే ప్రార్థన చేసుకో అన్నారు. ఆయన కూడా విన్నాడు కదా, ఆయనేమనుకున్నాడో చెప్పొచ్చు కదా? చెప్పడు. ఆయనది ఆల్సాస్, మన మాటలు తనకీ సరిగ్గా తెలియవట!

నిద్ర లేదు. సూపులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను.

జెలీ


పారిస్
20 డిసెంబర్

చెల్లీ,

నీ ఉత్తరం చదివాను. లూసెట్‌కి ఏం చెప్పాలో తెలియక, గుర్రానికి కాలు నొప్పని రాసిందని చెప్పాను. కానీ అది ఉత్తరం తీసి తనే చదువుకుంది.

సరే. మాట పొరపాటు నాది. ఒప్పుకుంటాను. కానీ ఆలోచించు. ఆ పొరపాటే మనకి తలుపు తెరిచింది. ఆయన నిన్ను అడుగుతున్నాడు. చెయ్యి చాచి ఇస్తానంటున్నాడు. నీ నోటివెంట ఒక్క మాట, "మొత్తం." ఎవరికి నష్టం? కెప్టెన్‌కి తూర్‌లో ఇల్లుంది, మన ఊరి అర్థంలో కాదు, లోకం అర్థంలో! చచ్చిపోయినావిడకి నష్టం లేదు. ఆ దుప్పి పొయ్యి ఎక్కడో ఎవడి హాల్లోనో అలంకారంగా నిలబడే బదులు అక్కడే ఉంటుంది. ఆ రాయి మోసినవాళ్ళ పిల్లలు దాని ముందు చలి కాచుకుంటారు. నువ్వు అబద్ధం అంటావు. నేను బాకీ తీరడం అంటాను.

నాకు వెనక్కి దారి లేదు జెలీ. మేస్త్రీ నన్ను గేటు లోపలికి రానివ్వడు. రెమీ దగ్గుతుంటే పక్కగదివాళ్ళు గోడ కొడుతున్నారు.

కోపంలో ఇంకొకటి కూడా అనేస్తాను. నీకు మేము రావడం ఇష్టం లేదేమో. లూసెట్ పారిస్ పిల్ల, నీ గిన్నెల మధ్య తిరుగుతుంటే నీకు చిరాకేమో. పెళ్ళికి కూడా నువ్వు రాలేదు. అందుకే ఇల్లంటే ఒక్క గదే అని పట్టుకుని కూర్చున్నావా?

మొత్తం అను. ఒక్కసారి అను చాలు.

ఆన్సెల్మ్


లా కుర్దియేర్
15 జనవరి 1923

అన్నయ్యా,

పెళ్ళికి రాకపోవడం గురించి అంటావా! అప్పుడు నా కడుపులో బిడ్డ చచ్చిపోయి మంచం మీద ఉన్నాను. నీకు రాయొద్దని అమ్మ అంది, పెళ్ళిలో నీ మొహం మాడిపోకూడదని. ఇప్పుడు రాస్తున్నాను. వదినకి చెప్పు, ఆవిడ మీద నాకు చిరాకు పుట్టడానికి ఆవిడని నేనింకా చూడనే లేదు.

అబద్ధం చెప్పాలనే నిర్ణయించుకున్నాను. ఇది నువ్వు నమ్మాలి. నీ ఉత్తరం వచ్చిన రోజు కెప్టెన్ ఫాదరుగారి దగ్గర వదిలి వెళ్ళిన తాళంచెవి అడిగి తీసుకున్నాను, పైకెళ్ళాను. బురుజు గది ఊడ్చాను. కిటికీ దగ్గర నిలబడితే చెరువు దాకా, గ్రీజ్ మేసే మైదానం దాకా కనిపిస్తుంది. ఇక్కడ రెమీ మంచం, అక్కడ వదిన కుట్టుమిషన్ అనుకున్నాను. "మొత్తం" అని ఆ ఖాళీ గదిలో గట్టిగా అని చూసుకున్నాను. నోరు బాగానే తిరిగింది.

కెప్టెన్ దొర నిన్న వచ్చాడు. ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. మీ బావ యాపిల్ సైడర్ పోశాడు, ఆయన ముట్టుకోలేదు. "చెప్పండి జెలీ గారూ," అన్నాడు.

నోరు తెరిచాను. వచ్చింది ఇంకొకటి.

నువ్వు పారిస్ వెళ్ళిపోయిన ఏడాది చలికాలం. చిన్నదొరసాని దగ్గర పనిమనిషి కూడా మానేసింది. పైన కట్టెలు లేవు, చలికి గోడల మీద మంచు పేరుకునేది. ఒక సాయంత్రం బురుజు మెట్ల వైపు తలుపు మీద చప్పుడైంది. తీస్తే ఆవిడ. శాలువా కప్పుకుని, మెట్టు మీద. "మాద్లెన్, ఇంట్లోకి రావచ్చా?" అని అమ్మని అడిగింది. గడీ ఆవిడది, గోడలు ఆవిడవి, మేము కౌలుదార్లం. ఆవిడ మెట్టు మీద నిలబడి ఇంట్లోకి రావచ్చా అని అడిగింది. ఆ తర్వాత అన్ని చలికాలాలూ రోజూ అలాగే అడిగింది. అమ్మ పోయాక నన్ను అడిగింది. ఒక్కరోజు కూడా అడక్కుండా గడప దాటలేదు.

ఆవిడకి ఇల్లంటే ఇదే అన్నయ్యా. ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పేశాను. మంచితనం అనుకోకు, నాకంత మంచితనం లేదు. ఆవిడ మెట్టు మీద నిలబడ్డది కళ్ళ ముందు కనిపిస్తుంటే వేరే మాట గొంతులోంచి రాలేదు, అంతే.

కెప్టెన్ కిటికీ వైపు తిరిగాడు. "మా అత్త అడిగేదా," అన్నాడు. తర్వాత లేచి నాతో చెయ్యి కలిపాడు. కప్పు దింపేవాళ్ళు వచ్చే వారం వస్తారు. మీ బావ నాతో మాట్లాడడం మానేశాడు. కొట్టులో పడుకుంటున్నాడు.

నీ పిల్లల గదిని నా నోటితో నేనే ఇచ్చేశాను. నన్ను తిట్టు.

జెలీ


పారిస్
21 జనవరి

జెలీ,

తిట్టే ఓపిక కూడా లేదు. చచ్చిపోయిన దొరసాని గౌరవం కోసం బతికున్న పిల్లల్ని వదిలేశావు. నాకైతే అలాగే ఉంది. రేపు ఇంకోలా ఉంటుందేమో తెలియదు.

బిడ్డ సంగతి నాకు చెప్పకపోవడం తప్పు. అది చదివి బయటికి వెళ్ళి నడిచాను.

ఈ నెలాఖరుకి ఇక్కడినుంచి వెళ్ళాలి. లూసెట్ తమ్ముడు సాన్-దెనీలో ఒక షెడ్డు లాంటిది చూస్తానన్నాడు. మీ ఇంటికి మేం ఇబ్బంది కాబోము.

నేను ఉత్తరం ముగించబోతుంటే లూసెట్ ఒకటి అడగమంటోంది. దొరసాని మొదటిసారి అలా తలుపు కొట్టి అడిగినప్పుడు అమ్మ ఏమంది? వెంటనే రానిచ్చిందా? ఎందుకడుగుతోందో నాకు తెలియదు. పరదాల గుడ్డ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆన్సెల్మ్


లా కుర్దియేర్
25 జనవరి

అన్నయ్యా,

పొద్దున్నుంచి నెత్తిమీద సుత్తుల చప్పుడు. సూపులో సున్నం రాలుతోంది. దుప్పి పొయ్యి గడ్డిలో చుట్టుకుని వెళ్ళిపోయింది. మెట్లు కూడా ఊడదీసేశారు. మా ఇంట్లోంచి బురుజులోకి ఉన్న తలుపు తీస్తే ఇప్పుడు పైన ఆకాశమే. చలిగాలి కొడుతోందని మీ బావ దానికి పలకలు కొడుతున్నాడు. అవును, మాట్లాడుతున్నాడు. నిన్న నీ ఉత్తరం చదివి వినిపించాక వచ్చి నా ఎదురుగా కూర్చుని, "షెడ్డేమిటి, మనుషులు లేరా వీళ్ళకి," అన్నాడు. శనివారం రైలు టైముకి గ్రీజ్‌ని కట్టుకుని స్టేషన్‌కి వస్తాడు. మీరు దిగకపోతే మళ్ళీ శనివారం వస్తాడట. వద్దన్నా వినేలా లేడు.

ఒక్క గదే. ఆరుగురికి ఇరుకే. నువ్వూ నేనూ పోట్లాడుకుంటాం, నాకు తెలుసు. వదిన పరదా గుడ్డ తెమ్మను, మంచాల మధ్య కడదాం. పొలంలో బావకి ఎలాగూ ఇంకో మనిషి కావాలి, వచ్చే కౌలు తన పేరూ నీ పేరూ కలిపి రాయిస్తానంటున్నాడు.

వదిన అడిగినదానికి జవాబు. నేను కెప్టెన్‌కి చెప్పని భాగం ఇది.

అమ్మ వెంటనే రానివ్వలేదు. గిన్నెలు కడుగుతోంది. ఆవిడ అడిగింది విని కూడా వెనక్కి తిరగలేదు. ఒక గిన్నె కడిగింది, తుడిచింది, ఇంకోటి తీసుకుంది. చిన్నదొరసాని మెట్టు మీదే నిలబడి ఉంది, వణుకుతూ. నేను రమ్మనబోతే అమ్మ కళ్ళతోనే నా నోరు మూయించింది. మన తాత, ముత్తాత, అందరూ ఆ పెద్ద హాలు గుమ్మం బయట టోపీ పట్టుకుని ఎంతెంతసేపు నిలబడ్డారో అదంతా ఆ కాసేపట్లో అమ్మ తిరిగి తీసుకుంది. నువ్వు బాకీ అన్నావే, అది అప్పుడే తీరిపోయింది. గిన్నెలన్నీ అయ్యాక చేతులు తుడుచుకుని, "రండి," అంది. పొయ్యి పక్కన తన కుర్చీయే జరిపి ఇచ్చింది. ఆ రాత్రి పడుకోబోయే ముందు అమ్మ ఏడ్చింది. ఎందుకని అడిగితే, "ఎవర్నీ అలా నిలబెట్టకూడదే జెలీ," అంది.

అందుకని వదినకి చెప్పు. మీరు తలుపు కొట్టొద్దు. అడగొద్దు. తోసుకుని లోపలికి వచ్చెయ్యండి.

జెలీ